తెరచాపలో పది పోగులు

అది కాదు పెంచలయ్యా, నా అనుమానం నాకు ఉండాది! బాగుండే పడవని ఎవుడన్నా అమ్ముకుంటాడా? చక్కగా ఆడే మగ్గాన్ని నేను అమ్ముతానా? అమ్మను. చెదలు పట్టినదాన్ని అమ్ముతాను, అదీ కొనేవాడికి కండ్లు లేవని తెలిస్తేనే. నువ్వేమో రాయి మాదిరి ఉండే పడవని నా కొడుక్కి ఇచ్చేస్తానంటా ఉండావు. ఎందుకప్పా? అదే నేను అడగతా ఉండేది.

కూర్చో, కూర్చో. ఇప్పుడే కొండ దిగినావు. ఆ స్తంభానికి ఆనుకో. గుండు మీద గంధం కూడా ఆరలేదు ఇంకా. నేను పొద్దున రైలుకే నగరి నుంచి వచ్చి ఈ సత్రం తిన్నె మీద కూర్చోని ఉండాను, పొయ్యే గుండ్లూ వచ్చే గుండ్లూ సూసుకుంటా. తిరపతిలో గుండ్లకేం కొదవ? ఏ గుండు పెంచలయ్యదో అని సూసి సూసి నా కండ్లు కాయలు కాసినాయి.

మూటా? ఆ మూటని ముట్టొద్దు. నా కాడనే ఉండనీ. తినేది కాదులే అది.

ఏమంటివి? పడవ ఆడ సముద్రం ఒడ్డున ఉంటే, దాని సంగతి అడిగేదానికి ఈడికి ఎందుకొచ్చినాననా? బాగా అడిగినావు. మీ పాలెంలో అడిగితే నువ్వు గంగమ్మ మీద ఒట్టేస్తావు. గంగమ్మ మీ తల్లి. మీరూ ఆమే ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు? ఈడైతే కొండ కనబడతా ఉండాది. తలనీలాలిచ్చి, ప్రసాదం చేతిలో పెట్టుకోని, కొండకు ఎదురుగా కూర్చున్నోడు బొంకడు. మా సాలెవీధిలో ముదిరిన తగువులన్నీ ఇట్టనే తేలతాయప్పా. ఎవుడి మీద అనుమానమో వాడు కొండకు పొయ్యేదాకా ఓపిక పడతాము. మెట్లు దిగి వచ్చినాక, వాడు ఇల్లు చేరకముందే, తిరపతిలోనే పట్టుకోని అడగతాము. ఇంట్లో ఒక పూట తిన్నాడంటే మళ్లీ మామూలు మనిషి అయిపోతాడు గదా.

నువ్వు కార్డు రాయించినావు సూడు మా ధనంజయకు. ‘బుధవారం తిరపతిలో ఉంటాను, శుక్రవారం పొద్దున పాలెంలో పడవని నీళ్లలోకి దించుదాము, నువ్వే తోలి సూసుకో’ అని. ఆ కార్డు పోస్టుమాను నా చేతికే ఇచ్చినాడు. వాడికి ఇచ్చినాలే, దాయలేదు. ఈడికి వస్తానని మాత్రం చెప్పలేదు. నూలు పర్మిట్ కోసం పుత్తూరుకు పోతా ఉండానని చెప్పి వచ్చినాను. నమ్మినాడు. యుద్ధం అయిపొయ్యి రెండేండ్లయినా ఈ కంట్రోలు పీడ వదల్లేదు గదా, నూలు కోసమని చెప్తే ఎవురైనా నమ్ముతారు.

సరే. ముందు ఆ తారు సంగతి చెప్పు.

అదే, పడవ అడుగున పూసిన తారు. నల్లగా నిగనిగలాడతా ఉండాది. కొత్తగా సున్నం కొట్టిన గోడని సూస్తే నాకు లోపల ఎంత నెర్ర ఉండాదో అనిపిస్తాది. ప్రతి ఏడూ పూస్తామంటావా? పూయండి, కాదన్లేదు. అమ్మే ఏడు కూడా పూయాల్సిన పని ఏంది? కొనేవాడు పూసుకోడా? మా వాడు దాని ముందు మోకాళ్ల మీద కూర్చోని, వేలు మడిచి ఒక్కో పలకా కొట్టి విన్నాడు. వైద్యుడు నాడి సూసినట్ట కండ్లు మూసుకోని విన్నాడప్పా! నేనూ కొట్టినాను. నాకు అన్నీ టక్కుమనే వినబడినాయి. గుమ్మడికాయని కొట్టినా అట్నే వినబడతాది.

ఇంకోటి. ఎడమపక్క కింద నుంచి మూడో పలక. లోపలి వైపు నుంచి సూస్తే అది తక్కిన వాటి రంగులో లేదు. నేను సూసినాలే, రంగులు నాకు చెప్తావా! ఒక చీరలో రెండు తొట్ల రంగు పడితే వీధి చివర నుంచి చెప్తాను నేను.

ఆ... మార్చినావా. ఎప్పుడు? ఏడేండ్ల కిందటా? ఎందుకు మార్చినావు? దుంగ తగిలిందా! నీళ్లు లోపలికి వచ్చినాయా మరి? వచ్చినాయా! ముంతతో చేదిపోసుకుంటా ఒడ్డుకు వచ్చినావా? సూడు, ఇప్పుడు సూడు! నేను అడగకపోతే చెప్పేవాడివా ఇది? అడగలేదు గనక చెప్పలేదా? ఇదే అబ్బా, ఇదే నాకు పడనిది.

మా వాడు అడిగినాడా? ముందే అడిగినాడా? అంతా చెప్పినావా వాడికి... ఏమన్నాడు?

‘మార్చిన పలకే అన్నిట్లో గట్టిది’ అన్నాడా. ఊ. అంటాడు. వాడు అట్టనే అంటాడు.

పెంచలయ్యా, నీ మీద నాకు అసలు అనుమానం ఎప్పుడు పుట్టిందో తెలుసా? పోయిన వారం నేనూ వాడూ గూడూరులో రైలు దిగి, ఎద్దులబండిలో మీ పాలేనికి వచ్చినాము గదా. ఆ పొద్దంతా నువ్వు నీ పడవని ఒక్క మాటన్నా పొగిడినావా? లేదు! సంతలో దూడని అమ్మేవాడు దాని తాతల కథ కూడా చెప్తాడు. మేము చీర అమ్మాలంటే మడత విప్పి, వెలుతురులో పట్టి, భుజాన వేసి సూపిస్తాము. నువ్వు బీడీ కాల్చుకుంటా తాటాకు పందిట్లో కూర్చున్నావు. ‘సూసుకోండి’ అన్నావు. అంతే! అమ్మేవాడు అంత నిమ్మళంగా ఉంటే కొనేవాడికి అనుమానం రాదా?

తెరచాపా? తెరచాప సంగతి ఇప్పుడెందుకు? దానికి వస్తాను. తొందరేముంది.

ముందు ఇది చెప్పు. మా వాడు నీతో ఏమని చెప్పినాడు, ఆ పడవ ఎందుకంట వాడికి? చేపలకు కాదు. సరుకు మోసేదానికీ కాదు. పొద్దున పొయ్యి, ఒడ్డు కనబడేంత దూరంలోనే తిరిగి, పొద్దు వాలేలోపల వచ్చేస్తాడంట. ఊరికే! నువ్వు ఎన్నేండ్ల నుంచి సముద్రం మీద బతకతా ఉండావు? నలభై ఏండ్లా? ఊరికే సముద్రం మీదికి పొయ్యేవాడిని ఎవుడినన్నా సూసినావా? ఎవుడో తెల్లదొర పొయ్యేవాడా? ఆ దొరకు తినేదానికి ఉండాది, పొయ్యినాడు. సాలోడి కొడుక్కి ఏం పోయే కాలం?

మగ్గం మీద కూర్చోడు. అదీ నా బాధ.

మా మగ్గాలు గుంత మగ్గాలు పెంచలయ్యా. నేలలో గుంత ఉంటాది. అందులోకి కాళ్లు దించి కూర్చోని నేయాల. మా నాయన అట్నే నేసినాడు. నేను పదేండ్లప్పుడు దిగినాను ఆ గుంతలోకి, ఈ పొద్దు దాకా ఎక్కలేదనుకో. వీడు యుద్ధం ఓడలో పనికి చేరినాడు. చెప్పాపెట్టకుండా బొంబాయికి పొయ్యి చేరినాడు. మూడేండ్లు. నిరుడు పంపించేసినారు. ఇంటికి వచ్చిన మూడో పొద్దున, ‘రా నాయనా, కూర్చో, చెయ్యి అలవాటు పోతాది’ అన్నాను. వచ్చినాడు. గుంత అంచున కూర్చున్నాడు. కాళ్లు దించినాడు.

అంతే అబ్బా. వాడి మొగం తెల్లబడిపోయింది. రెండు చేతులతో కూర్చునే పలకని పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట్లు. లేచి వాకిట్లోకి పొయ్యి కక్కినాడు.

పని ఎగ్గొట్టేదానికి వేషాలు వేస్తా ఉండాడని నేను అనుకున్నా. అనుకోవడం కాదు, అన్నాను. వీధిలో నిలబడి నలుగురూ వినేట్ట అన్నాను. తర్వాత ఎప్పుడో మా కుప్పమ్మతో చెప్పినాడంట, వాళ్లమ్మతో. ఓడకు దెబ్బ తగిలినప్పుడు వాడు అడుగు అరలో ఉండాడంట. తలుపు బిగుసుకోని పోయిందంట. నీళ్లు ముందు పాదాలకు వచ్చినాయంట, మోకాళ్లకు వచ్చినాయంట, నడుముకు వచ్చినాయంట. పక్కనుండేవాళ్లు ఎంతమంది బయటికి వచ్చినారో అది మాత్రం చెప్పలేదు. మా గుంతలో కాళ్లు పెడితే వాడికి మళ్లీ ఆ నీళ్లు ఎక్కతా ఉన్నట్ట ఉంటాదంట.

నీళ్లంటే అంత భయం ఉండేవాడు నీళ్ల మీదికే పోతానంటాడేంది? అదే నాకు అర్థం కాదు. అడిగితే ఏమన్నాడో తెలుసా? ‘నీళ్ల కింద ఉంటేనే భయం నాయనా, పైన ఉంటే లేదు. పైన ఆకాశం ఉండాది, నా చేతిలో తాడు ఉండాది, ఎప్పుడు తిరగాలంటే అప్పుడు తిరగతాను’ అన్నాడు.

ఏం మాటలప్పా ఇవి? ఒక్కడే కొడుకు. నాకు మాత్రం భయం ఉండదా?

నువ్వు తల ఊపుతా ఉండావు. నీకు అర్థమయిందా అది? అయితే నువ్వూ వాడూ ఒకటే. అట్ట తల ఊపబట్టే వాడు పిచ్చెక్కిపొయ్యినాడు నీ పడవ మీద. మీ రేవులో ఇంకా రెండు పడవలు సూసినాడు. ఒకటి మరీ పెద్దది, ఒక్కడే తోలలేడంట. ఇంకొకటి పురుగు తినేసింది. నీ పడవ సూసినాక వేరే మాట లేదు. ‘ఇది కాకపోతే మానుకుంటాను నాయనా, మగ్గమే సూసుకుంటాను’ అన్నాడు ఆ రేవులోనే నాతో.

ఆ మాట అనకపోయుండాల్సింది వాడు.

ఏం లేదు. ఏమీ లేదులే. నువ్వు చెప్పు. ఎందుకు అమ్మతా ఉండావు? కండ్లు మసకలంటివి. పొర కమ్మిందంటివి. అట్టయితే ఇందాక సత్రం వాకిట్లోకి వచ్చేటప్పుడు నన్ను ఎట్ట గుర్తుపట్టినావు? ‘మునస్వామన్నా’ అని నువ్వే ముందు పలకరించినావు గదా! దొరికినావు సూడు!

దగ్గు వినా? నా దగ్గు విని గుర్తుపట్టినావా? సాలోళ్ల దగ్గు వేరేగా ఉంటాదా? నూలు దుమ్ముతో దగ్గే దగ్గా... నిజమే, ఉంటాది. మా వీధిలో అందరిదీ ఒకటే దగ్గు.

ఉండు. నేను పరీక్ష చేస్తాను. అట్ట సూడు, కొండ దిక్కు. మెట్ల మీద గాలిగోపురం కనబడతా ఉండాదా? ఆడ తెల్లగా ఏందో ఉండాదా? ఏందో ఉండాదంతేనా? సరే, అది దూరం. ఇట్ట సూడు. ఇవి ఎన్ని వేళ్లు?

మూడు కాదప్పా. రెండు.

ఇప్పుడు? దగ్గిరికి తెస్తే సరిగ్గా చెప్పినావు. అయితే నిజమే నీ మాట. అలల వరస కనబడదు నీకు, యాడ పగలతా ఉందో తెలీదు. అందుకని అమ్మతా ఉండావు. కొండకు వచ్చింది కూడా కండ్ల మొక్కేనా? పాపం.

మరి... తెరచాప మడిచేటప్పుడు, విప్పేటప్పుడు, ఏమన్నా తేడా ఉంటే నీకు చేతికి తెలుస్తాదా? పోగు పోగూ సూడవు గదా నువ్వు? ఊరికే అడగతా ఉండాను. మేము వచ్చిపొయ్యినాక దాన్ని విప్పినావా మళ్లీ? లేదా? ఆ పొద్దు కట్టింది కట్టినట్టే దూలానికి ఉండాదా?

ఊ.

నీళ్లు ఇట్ట ఇయ్యి రొంత.

పెంచలయ్యా, నువ్వు ఒక ప్రమాణం చెయ్యాల. తప్పుగా అనుకోవద్దు. ఆ ప్రసాదం చేతిలో పట్టుకోని, కొండ దిక్కు తిరిగి, నీ పడవలో గానీ, కొయ్యలో గానీ, తాళ్లలో గానీ, తెరచాపలో గానీ ఏ లోపం లేదని చెప్పు. నాకు అదొక్కటి చాలు.

చేస్తావా? అంత సులువుగా చేస్తావా?

ఆగు. ‘నేనెరిగి’ అన్నావు. ‘నేనెరిగి ఏ లోపం లేదు’ అన్నావు. ఆ మాట ఎందుకు మధ్యలో? అది ఒక కిటికీ తెరిచి పెట్టుకున్నట్ట ఉండాది. రేపు ఏమన్నా అయితే ‘నేనెరగను’ అని దూకేదానికా? ఆ మాట తీసెయ్యి. తీసేసి చెప్పు.

పడవ విషయంలో ఎవుడూ అట్ట చెప్పలేడా? దేవుడికే తెలుస్తాదా? అదంతా నాకు వద్దు. నీ పడవని నువ్వు నమ్ముతావా లేదా? నమ్మితే చెప్పు. నా బిడ్డ దాని మీదికి ఎక్కతా ఉండాడు.

...

చెప్పేసినావు.

‘నా పడవలో ఏ లోపమూ లేదు’ అని చెప్పేసినావు. కొండ దిక్కు తిరిగి. ఆ మాట తీసేసి మరీ చెప్పినావు. నా బిడ్డ పేరెత్తినానని చెప్పినావు గదా? నాకు తెలుసు. నీ మొగం సూస్తేనే తెలస్తా ఉండాది.

ఎంత పని చేసినాను నేను.

ఉండు. లేవొద్దు. కూర్చో పెంచలయ్యా. నేను నీ మీద అనుమానంతో వచ్చినానని నువ్వు అనుకుంటా ఉండావు. కాదు. నువ్వు కనిపెట్టినావేమో సూద్దామని వచ్చినాను. కనిపెట్టి ఉంటే నా మొగాన ఉమ్మేస్తావు, అంతటితో పోతాది అనుకున్నాను. రొంతన్నా తడబడతావేమో, ‘తెరచాపలో ఏందో ఉండాది మునస్వామన్నా’ అంటావేమో అని ఎదురుచూసినాను. నువ్వు వచ్చినప్పటి నుంచి తారనీ, పలకనీ నిన్ను పొడిచింది అందుకే. నువ్వు నిబ్బరంగా నిలబడి ప్రమాణం చేసేసినావు. అయితే నీకు తెలీదు. నిజంగా తెలీదు.

నీ పడవలో లోపం ఉండాది పెంచలయ్యా. తెరచాపలో ఉండాది. నేనే పెట్టినాను.

అట్ట సూడొద్దు. చెప్తాను, అంతా చెప్తాను.

ఆ పొద్దు నువ్వూ మా వాడూ రేవు సూసేదానికి నీళ్లలోకి దిగినారు. ఇసుక మెట్ట యాడ ఉండాదో సూపించేదానికి నడుముల్లోతు పొయ్యినారు. నేను నీ ఇంట్లో ఒక్కడినే ఉండాను, తెరచాప నా ఒళ్లో ఉండాది. తుమ్మచెక్క కషాయంలో ముంచిన గోధుమరంగు బట్ట. మాసికలు దాచేదానికే ఆ రంగేమో అని అంగుళం అంగుళం తడిమినాను. బ్రహ్మాండమైన బట్టప్పా! పడుగూ పేకా రెండూ ఒకటే బిగువు. ఎవురు నేసినారో గానీ వాడి చేతికి మొక్కాల. ఒక్క లోపం దొరకలేదు నాకు. పడవలో దొరకలేదు, కొయ్యలో దొరకలేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య బట్ట. అందులో కూడా దొరకలేదు.

వాకిట్లో నుంచి సూస్తే వాడు నీళ్లలో నవ్వుతా ఉండాడు. వాడు నవ్వి ఎన్నాళ్లయింది! నాకు సంతోషం కావాల గదా? కాలేదు. మంట పుట్టింది. వీడు ఇంక నాకు దక్కడు అనుకున్నాను.

ముడులు కోసే చిన్న కత్తి ఎప్పుడూ నా మొలలోనే ఉంటాది. పై అంచుకు జానెడు కిందుగా, బరువంతా పడే చోట, పది పడుగు పోగులు కోసినాను. జానెడు పొడుగున ఒక్కోటే లాగేసినాను. పేక పోగుల జోలికి పోలేదు, అందుకని సూపుకు బట్ట బట్టగానే ఉంటాది. తడి వేలితో రుద్దితే సందు కూడా మూసుకుంటాది. మంచి కండ్లు ఉండేవాళ్లకే కనబడదు, నీకెట్ట కనబడతాది? లాగిన పోగుల్ని ఉండ చుట్టి మొలలో పెట్టుకున్నాను. బాగా చేసినాను అనుకున్నానప్పా. సిగ్గు లేకుండా చెప్తా ఉండాను, చేతి పని సూసుకోని మెచ్చుకున్నాను కూడా.

చంపాలని కాదు! కొండ సాక్షి. నా బిడ్డని నేను ఎందుకు... నా ఆలోచన వేరే. మాకు బట్టని పరీక్ష చేయడమంటే రెండు చేతులతో పట్టుకోని ఫట్టుమని లాగడం. నాసిరకమైతే ఆడనే సర్రున చినిగిపోతాది. తెరచాప కూడా అట్టనే అనుకున్నా. శుక్రవారం వాడు ఒడ్డున కొయ్యకు కట్టి పైకి లాగతాడు, ఇసుక మీదనే చినిగిపోతాది, ‘బట్టే ఇట్ట ఉంటే పడవెంత’ అని వాడికి విరక్తి పుడతాది, ఇంటికి వస్తాడు. అంతే. అంతకంటే ఏమీ అనుకోలేదు.

నిన్న సంగటి తింటా వాడు నోరు తెరిచినాడు. తిరిగొచ్చినాక ఒక్క పూటలో అన్ని మాటలు మాట్లాడింది నిన్ననే. కుప్పమ్మ గరిటె పట్టుకోని అట్నే నిలబడిపోయింది. తువ్వాలు రెండు కొనలూ పట్టుకోని సూపించినాడు. ‘ఒడ్డున తెరచాప ఆరేసిన చీర మాదిరే నాయనా, ఊగతాదంతే. దాని బలం తెలిసేది అలలు దాటి పై గాలి పట్టినాకనే. ఆడ గానీ చినిగిందంటే పడవ తిరిగిపోతాది, అలకు అడ్డం పడతాది’ అన్నాడు. అని, నవ్వతా, ‘పెంచలయ్య తెరచాపకు ఆ భయం లేదులే. మా నాయన తడిమి సూసిన బట్ట అది’ అన్నాడు.

మా నాయన తడిమి సూసిన బట్ట అన్నాడు పెంచలయ్యా!

సంగటి ముద్ద కంచంలోనే వదిలేసి లేచినాను.

వాడితో ఆడనే చెప్పుండొచ్చు. చెప్పలేకపోయినాను. వీధిలో వాడిని వేషగాడన్నాను. ఇప్పుడు ఈ మాట ఏ మొగంతో చెప్పేది?

ఎందుకు లేస్తా ఉండావు? యాడికి? కొండ దిక్కు తిరిగి ఏం చేస్తా... చెంపలేసుకుంటా ఉండావా? నువ్వెందుకు వేసుకునేది? నువ్వు బొంకలేదప్పా! నువ్వు ‘నేనెరిగి’ అనే అన్నావు. ఆ మాట పీకేసింది నేను. నీతో తప్పు ప్రమాణం చేయించింది నేను. వద్దబ్బా, ఆపు. మొక్కు తీర్చుకోని గంధం ఆరని గుండుతో నువ్వు చెంపలేసుకుంటా ఉంటే నేను సూడలేను. అవి నా చెంపలు వేసుకోవాల్సినవి. సూడు, వేసుకుంటా ఉండాను. సూడు.

కూర్చో. దండం పెడతాను, కూర్చో.

ఇప్పుడు ఈ మూట సూడు. ఇందాక ముట్టొద్దన్నాను గదా. ఇందులో నూలు ఉండాది. మూడు పోగులు కలిపి పేనినాను, నిన్న రాత్రి రాట్నం మీద నేనే. గంజి పెట్టలేదు. తడిసే బట్టకు గంజి పనికిరాదని ఆలోచించి పెట్టలేదు, ఆమాత్రం తెలివి ఇప్పుడన్నా వచ్చింది. పెద్ద సూది ఉండాది. మాసిక వేయను. తీసిన పది పోగుల చోటా పది పోగులూ మళ్లీ ఒక్కోటే ఎక్కించి పేకలో కలుపుతాను. రెండు పక్కలా మూరెడు లోపలికి పట్టిస్తాను. మునుపటికంటే గట్టిగా ఉంటాది. దీనికి బదులు నీకు తెరచాపే కొత్తది నేసి ఇద్దామంటే దానికి నూలు పర్మిట్ యాడిది?

సాయంకాలం రైలుకు పోదాం. రేణిగుంట, కాళాస్తి, గూడూరు. రేపు పొద్దున పాలెంలో ఉంటాము. రేపంతా కూర్చుంటే అయిపోతాది పని. ఎల్లుండి వాడు వచ్చేలోపల ఏమీ తెలీకుండా...

ఏమంటివి?

వాడికి తెలియాలా? ఎవురు చెప్పాల? నేనేనా? నువ్వు చెప్పవా? నేను చెప్పకపోతే పడవ నీళ్లలోకి దించవా?

న్యాయమే. కాదన్లేను. చెప్తాను. పోగు ఎక్కించిన చోటు వాడి వేలు పట్టుకోని తడిమించి మరీ చెప్తాను. వాడు నన్ను ఏమన్నా అననీ. ఏమీ అనడు వాడు, అదే నా భయం. ఆ తర్వాత నా ముందర మళ్లీ నోరు తెరవడేమో. అయినా చెప్తాను.

ఇంకా ఏంది?

నేనా?

నేను ఎక్కేదేంది పెంచలయ్యా! శుక్రవారమా? ఆ తెరచాప కింద, వాడి పక్కన? అలలు దాటేదాకానా? నా చేత్తో ఎక్కించిన పోగుల్ని నేను నమ్మకపోతే వాడెట్ట నమ్మేదంటావా... అట్ట కాదబ్బా, నా వయసు సూడు. నేను చెరువులో కూడా మోకాలి దాటి దిగినోడిని కాదు. పుట్టినప్పటి నుంచి గుంతలో కూర్చున్నోడిని. నాకు ఈత రాదు!

వాడికి వస్తాదా. వస్తాదిలే. వాడికి వస్తాది.

నవ్వతా ఉండావా? నవ్వు, నవ్వు. నువ్వు నన్ను నీళ్లలో ముంచేదానికే ఈ ఎత్తు వేసినావని నాకు ఇప్పుడు అనుమానంగా ఉండాది.

సరేలే. ఎక్కతాను. ఏం చేస్తాను మరి.

పొద్దు వాలతా ఉండాది, లెయ్యి. రైలు మనకోసం కాసుకోని ఉండదు. భుజం మీద చెయ్యి వెయ్యి, మెట్టు ఉండాది ఈడ. ఆ మూట నువ్వే పట్టుకో. జాగర్త, సూది ఉండాది అందులో.